పసిబిడ్డ మెదడు స్కానింగ్: డాక్టరు దారి ఒక్కటేనా?

ప్రశ్న: మా తమ్ముడు పుట్టగానే ఏడవలేదు. మూడు రోజులు ఒంటిని చల్లబరిచే చికిత్స చేసి, ఆ తర్వాత మెదడుకు ఎంఆర్ఐ తీశారు. అప్పటి నుంచి నా ధ్యాసంతా ఆ పని మీదే. ఇప్పుడు బడి చదువు చివరి ఏడాదిలో ఉన్నాను. భౌతికశాస్త్రం ప్రాణం, జీవశాస్త్రం అంతంతమాత్రం. డాక్టరు కాకుండా ఈ రంగంలోకి రావచ్చా?

జవాబు: నిస్సందేహంగా రావచ్చు. డాక్టరు కాలేనివాళ్లు సరిపెట్టుకునే పని ఇది అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఎంఆర్ఐ గదిలో ఏం జరుగుతుందో చూడండి. యంత్రం మోత వంద డెసిబెల్స్ దాటుతుంది. అరగంట, ముప్పావుగంట బిడ్డ కదలకూడదు. అయినా చాలాచోట్ల మత్తుమందు ఇవ్వరు. కాస్త ముందుగా కడుపు నిండా పాలు పట్టిస్తారు, చెవులకు చిన్న రక్షణ కవచాలు పెడతారు, పొత్తిళ్లలో బిగువుగా చుడతారు. సన్నని పూసలు నింపిన పరుపులో పడుకోబెట్టి అందులోని గాలి లాగేస్తే, అది బిడ్డ ఒంటికి అచ్చుపోసినట్టు గట్టిపడుతుంది. బిడ్డ నిద్రలోకి జారుకుంటుంది. చిన్న లోహపు ముక్క కూడా లోపలికి వెళ్లకుండా చూసి, ఊపిరి, గుండె వేగం గమనిస్తూ ఇదంతా నడిపించడంలో ఎంఆర్ఐ టెక్నాలజిస్టుది, నర్సుదీ ప్రధాన పాత్ర. బిడ్డ కదిలి బొమ్మ చెదిరిపోతే ఎంత పెద్ద నిపుణుడైనా అందులో చదవగలిగేది కొంచెమే. అందుకే ఈ పనిని నేను చాలా గౌరవిస్తాను. రేడియోగ్రఫీ లేదా మెడికల్ ఇమేజింగ్‌లో డిగ్రీ చేసి, ఎంఆర్ఐలో ప్రత్యేక శిక్షణ పొంది, పిల్లల ఆసుపత్రిలో చేయి తిరిగేదాకా పనిచేయడం ఈ దారి.

మీకు మరింత నప్పేది మెడికల్ ఫిజిక్స్, అంటే భౌతికశాస్త్రాన్ని వైద్యానికి వాడే రంగం అనిపిస్తోంది. నవజాత శిశువు మెదడులో నీటి శాతం ఎక్కువ, నరాల తంతువుల మీద మైలిన్ అనే కొవ్వు పొర ఇంకా సరిగా ఏర్పడదు. అందువల్ల పెద్దల చిత్రంలో తెల్లగా కనిపించే భాగం ఇక్కడ నల్లగా, నల్లనిది తెల్లగా తారుమారవుతుంది. పెద్దలకు వాడే అమరికలు పనికిరావు, పసివాళ్లకు వేరుగా కుదర్చాలి.

ఇంకొకటి కాలం. ఎంఆర్ఐలో ఒక రకమైన డిఫ్యూజన్ చిత్రం కణజాలంలో నీటి అణువుల కదలికను కొలుస్తుంది. ఊపిరి అందక దెబ్బతిన్న మెదడును మొదటి రోజే తీస్తే గాయం అసలుకన్నా తక్కువగా కనిపించవచ్చు. మూడు నుంచి అయిదు రోజుల మధ్య బాగా తేలుతుంది. వారం దాటాక, గాయం అక్కడే ఉన్నా, ఆ చిత్రం మామూలుగా మారిపోయినట్టు భ్రమ కలిగిస్తుంది. మీ తమ్ముడికి 72 గంటల చల్లదనం ముగిశాక స్కాన్ తీయడంలో ఈ లెక్క కూడా ఉండి ఉంటుంది. ఇలాంటి చిక్కులు మీకు ఆసక్తి కలిగిస్తే భౌతికశాస్త్రంలో డిగ్రీ, ఆపైన మెడికల్ ఫిజిక్స్‌లో పీజీ, పరిశోధన మీద మనసుంటే పీహెచ్‌డీ వైపు వెళ్లండి. గణితం వదలకండి, ప్రోగ్రామింగ్ ఇప్పుడే మొదలుపెట్టండి. బిడ్డ కదిలినా బొమ్మను సరిచేసే పద్ధతుల మీద ఎంతో పని జరుగుతోంది.

చిత్రాన్ని చదివి నివేదిక రాయాలంటే మాత్రం వైద్యవిద్య, రేడియాలజీ, ఆపైన పిల్లల రేడియాలజీ తప్పవు. పదేళ్ల పైమాటే. థాలమస్, బేసల్ గాంగ్లియా వంటి లోతైన భాగాలు తీవ్రంగా దెబ్బతింటే కదలికల ఇబ్బందులు వచ్చే అవకాశం ఎక్కువ. అయితే ఏ చిత్రమూ బిడ్డ భవిష్యత్తును పూర్తిగా చెప్పలేదు. ఆ సందిగ్ధాన్ని తల్లిదండ్రులకు వివరించే బరువు శిశువైద్యుల మీద పడుతుంది. జీవశాస్త్రం మీద మనసు లేకుండా ఆ దారి పట్టవద్దు.

నిర్ణయించుకునే ముందు ఒక పని చేయండి. పిల్లల ఎంఆర్ఐ తీసే ఆసుపత్రిలో, కంట్రోల్ గదిలో ఒక పూట కూర్చోనివ్వమని అనుమతి అడగండి. దొరికితే, ఆ పూట మీ కళ్లు ఎక్కువసేపు గాజు అద్దం అవతలి బిడ్డ మీద నిలిచాయో, ఎదుటి తెర మీద నిలిచాయో గమనించి నాకు రాయండి. ఏ కోర్సులో చేరాలో అప్పుడు మాట్లాడుకుందాం.