లైకులు వస్తున్నాయి, రక్తదాతలే రావడం లేదు అన్నవారికి

"మా సంస్థ పేజీకి ఫాలోయర్లు బాగానే ఉన్నారు, రక్తదాన శిబిరం పెడితే పదిమంది కూడా రావట్లేదు, ఏం చేయాలి?" అని అడిగారు. రాజమండ్రిలో తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న పిల్లలకు రక్తం సమకూర్చే చిన్న బృందంలో నాలుగేళ్లుగా సోషల్ మీడియా పని నాదే. ఈ బాధ మేమూ పడ్డాం.

మొదట్లో జూన్ 14న ప్రపంచ రక్తదాతల దినోత్సవానికో, పండక్కో పోస్టర్లు వేసేవాళ్లం. కానీ ఆ పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. వేసవిలో కాలేజీలకు సెలవులిస్తే మరీ కటకట.

మేం దెబ్బతిన్నది ఒక వాట్సాప్ మెసేజ్‌తో. "అర్జెంట్, ఓ నెగెటివ్ కావాలి" అని ఒక తండ్రి నంబరు పెట్టి వదిలాం. తేదీ వేయలేదు. రక్తం ఆ సాయంత్రమే దొరికింది, మెసేజ్ మాత్రం గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. రెండు నెలల తర్వాత కూడా ఆయనకు అర్ధరాత్రి ఫోన్లు! చివరికి సిమ్ మార్చేశాడు. ఆయన ఎలక్ట్రీషియన్. "పాత నంబరుకే పనులొచ్చేవండీ" అన్నాడు.

అప్పటి నుంచి తేదీ, ఆస్పత్రి, ఎన్ని యూనిట్లు, ఎప్పటిలోగా అన్నవి లేకుండా ఏదీ పెట్టం. నంబరు మాదే ఇస్తాం. రక్తం దొరకగానే పోస్టు ఎడిట్ చేసి పైన "అవసరం తీరింది" అని రాస్తాం. ఫార్వర్డ్ అయిపోయినదాన్ని దిద్దలేం కాబట్టి వాట్సాప్‌లో పేజీ లింకే పంపుతాం.

ఇక కామెంట్లు. "టాటూ ఉంది, ఇవ్వొచ్చా?", "48 కిలోలే, పనికొస్తానా?" అని అడిగేవాళ్లే రేపు వచ్చేవాళ్లు. 45 కిలోలుంటే చాలని, టాటూ వేయించుకుని ఏడాది దాటాలని అదే రోజు జవాబిస్తాం. బీపీ, షుగరు మందుల సంగతి బ్లడ్ బ్యాంకు డాక్టరుకే వదిలేస్తాం. ఒకసారి ఇచ్చినవాళ్లకు, మగవాళ్లైతే మూడు నెలలకు, ఆడవాళ్లైతే నాలుగు నెలలకు, పేరు పెట్టి విడిగా మెసేజ్ పెడతాం. నిజం చెప్పాలంటే మా దాతల్లో ఎక్కువమంది పేజీ చూసి కాదు, ఈ మెసేజ్‌కే వస్తారు.

పిల్లల ఫొటోలు పెట్టకండి. "రేపు దానికి పెళ్లి చేయాలి బాబూ, తీసేయండి" అని ఓ తల్లి ఫోన్ చేసినప్పుడు మాకు నోట మాట రాలేదు. ఇప్పుడు దాతల ఫొటోలే, అదీ అడిగి పెడతాం. రక్తమిచ్చి బిస్కెట్ తింటున్న ఆటో డ్రైవర్ ఫొటో కింద "మన స్టాండోడే" అని కామెంట్లు పడ్డాయి. తర్వాతి వారం ఆ స్టాండు నుంచే ముగ్గురొచ్చారు.