కవచం కొనే ముందు నన్నడుగు

అమ్మడూ,

నువ్వు పాతకాలం గొలుసు కవచం, అదే యుద్ధంలో తొడుక్కునే రింగులల్లిన చొక్కా, కొనబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మన ఇంట్లో ఇంకొకరికి ఈ పిచ్చి పట్టిందని మురిసిపోయాను. ఆ రాత్రంతా మళ్లీ టెన్షన్!

అయస్కాంతం పెట్టి చూడకు, నకలుదీ ఇనుమే. భూతద్దంతో రింగుల కొసలు చూడు. కొసల్ని చదును చేసి, ఒకదాని మీదొకటి పెట్టి రివెట్ (చిన్న మేకు) కొట్టారంటే పాతదే కావచ్చు. కానీ ఇప్పుడూ అలా చేసి విదేశాలకి అమ్ముతున్నారు. వాటిలో ప్రతి రివెట్టూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటుంది. రివెట్ లేకపోతే నకిలీ అని కొట్టిపారేస్తారు చాలామంది. అదీ తప్పే. 18, 19 శతాబ్దాల్లో ఇనుము, ఇత్తడి, రాగి రింగులతో ముగ్గుల్లా అల్లిన మన కవచాల్లో కొసలు ఊరికే ఆనించినవి బోలెడు. అందుకే మెడ దగ్గరా చంకల్లోనూ చూడు. ఒంటి మీద వాడినదైతే అక్కడి రింగులు అరిగి సన్నబడతాయి. అంతటా ఒకేలా నారింజ రంగు తుప్పుంటే యాసిడ్ పోశారన్నమాట.

మీ తాతయ్య చేసిన పని నీకెవరూ చెప్పి ఉండరు. ఆయన దగ్గర ఓ ఛాతీ పలక ఉండేది, నల్లగా. అంచున సన్నటి చుక్కలు వరసగా పొడిచి ఉండేవి. పండక్కి మెరవాలని బఫింగ్ పట్టించి తెచ్చారు. అద్దంలా మెరిసింది, చుక్కలు మాయం. బికనీర్ రాజు అనూప్ సింగ్ మన ఆదోని కోట నుంచి పట్టుకెళ్లిన ఆయుధాల మీద 17వ శతాబ్దం చివరి నాటి దేవనాగరి రాతలు అలాగే చుక్కలతో పొడిచి ఉంటాయని తర్వాత తెలిసింది. మన పలక మీద ఏం రాసుందో ఇక దేవుడికే తెలియాలి. నీకసలే శుభ్రం పిచ్చి. గరుకు కాగితం, చింతపండు పట్టుకున్నావో, చెవి మెలిపెడతాను! పట్టుకునేటప్పుడు గ్లౌజులు వేసుకో తల్లీ, తుప్పు గీసుకుంటే నీ చర్మం తట్టుకోదు.

అన్నిటికన్నా నాకు భయం వేరే. అమెరికాలో మీ బావకి కానుకగా పంపుతానన్నావట. నూరేళ్లు దాటినదైతే 1972 చట్టం ప్రకారం పురావస్తువు, సొంతంగా దేశం దాటించకూడదు. నకలుదైనా పురావస్తువు కాదని ఆర్కియాలజికల్ సర్వే సర్టిఫికెట్ దగ్గర పెట్టుకుంటే కస్టమ్స్‌లో గొడవుండదు.

శుక్రవారం సాలార్‌జంగ్‌కి సెలవు. ఇంకెప్పుడైనా రా, ఆయుధాల గదిలో నీకన్నీ చూపిస్తాను. అంతదాకా ఎవడికీ అడ్వాన్స్ ఇవ్వకు.

పెద్దనాన్న