విన్న ప్రసంగం మేలు చేయాలంటే ఆదివారం పొద్దుగూకేలోపే ఏదో ఒకటి జరగాలి

మీ ప్రశ్న చదివాను. ఆదివారం మందిరంలో వాక్యం వింటున్నంతసేపూ మనసు కరుగుతుంది, మంగళవారానికి ఏం విన్నానో కూడా గుర్తుండదు, ఆ ప్రసంగం వల్ల మేలు పొందాలంటే తర్వాత ఏం చేయాలి అన్నారు. ఈ ప్రశ్నకు అందరూ చెప్పేది ఒకటే: నోట్స్ రాసుకోండి, రికార్డ్ చేసుకుని మళ్ళీ వినండి. నేను ఒప్పుకోను. మా సంఘంలో డైరీలకు డైరీలు నింపినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ ఇళ్ళలో తగాదాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆదివారం భోజనానికీ చీకటి పడటానికీ మధ్య ఆ వాక్యాన్ని ఏం చేశామన్న దాని మీదే మేలంతా ఉంటుంది.

మాది పాలకొల్లు, నరసాపురం మధ్య కాలవ గట్టు మీద ఊరు. 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ సువార్త పని మొదలుపెట్టింది ఈ చుట్టుపక్కలే. గోదావరి డెల్టా మిషన్ వాళ్ళ పని నుంచి పుట్టిందే. మా సంఘం ఆ వరసలోది. ఆ రోజుల్లో విన్నవాళ్ళలో ఎక్కువమందికి అక్షరం రాదు. మా మామ్మకూ రాదు. అయినా ప్రసంగాన్ని ఎలా వాడుకోవాలో ఆవిడకు తెలిసినంతగా మరెవరికీ తెలియదని నా నమ్మకం.

మామ్మ ఊడ్పుల ముఠాకి మేస్త్రి. ఎకరానికి ఇంత అని రైతు దగ్గర ఒప్పుకుని, డబ్బు తీసుకుని, ఆడవాళ్ళకి పంచేది. ఒక సార్వాలో ఊడ్పులు ఆఖరిరోజున ముఠాలో ఒకావిడకు జ్వరం వచ్చి మధ్యలో ఇంటికి వెళ్ళిపోయింది. ఆవిడ కూలి తర్వాత చూద్దాంలే అని మామ్మ దగ్గరే ఉండిపోయింది. ఆ ఆదివారం బోధకుడు గారు బైబిల్లో యాకోబు రాసిన ఉత్తరం, అంటే యాకోబు పత్రిక, అయిదో అధ్యాయం చెప్పారు. చేలు కోసిన పనివాళ్ళకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొర పెడుతోంది, కోసినవాళ్ళ కేకలు ప్రభువు చెవుల్లో పడ్డాయి అనే వచనం. మందిరంలో కూర్చున్న కూలివాళ్ళందరూ ఆ మాట ఆసాములకు తగలాలని తలలూపారు. నా ఉద్దేశంలో ప్రసంగాలు సగం పాడయ్యేది అక్కడే. వచనం వినగానే అది ఎవరికి సరిపోతుందా అని వెతుకుతాం, పక్క వరసలో దొరికేస్తారు.

మామ్మ ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, నన్ను బైబిలు తీయమంది. నేనప్పుడు చిన్న తరగతిలో ఉన్నాను. చేపల పులుసు చల్లారిపోతుంటే అయిదో అధ్యాయం మొదటి నుంచీ చదివించింది. "ఈ మాట ఇంకెక్కడన్నా ఉందా?" అంది. అడుగున ఇచ్చిన రిఫరెన్సులు పట్టుకుని లేవీయకాండం 19:13 తీశాను, కూలివాడి కూలి మర్నాటిదాకా నీ దగ్గర ఉంచుకోకూడదని. ఆ తర్వాత ద్వితీయోపదేశకాండం 24:15, సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలని, అతను బీదవాడు కనుక దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడని. మామ్మ వాకిట్లోకి చూసి ఎండ ఎంతుందో లెక్కవేసుకుంది. చెయ్యి కడిగేసి, బియ్యం డ్రమ్ములో దాచిన డబ్బు తీసి, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది.

జ్వరం వచ్చినావిడ అరుగు మీద కూర్చుని ఉంది. డబ్బు లెక్కపెట్టి, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు సరికదా, గొడవకి దిగింది. "ఇదేంటత్తా! నేను గట్టెక్కేసరికి మీరంతా తిని కేరేజీలు కడుక్కుంటన్నారు. సగం రోజెలాగవుద్ది?" అంది. "మధ్యలో ఎళ్ళినోళ్ళకి ఎప్పుడన్నా సగం కంటే ఎక్కువిచ్చానంటే?" అని మామ్మ. పక్కింటివాళ్ళు వచ్చారు, గొంతులు లేచాయి. కాసేపటికి మామ్మ "ఉండు" అని వెనక్కి తిరిగింది. మళ్ళీ అంత దూరం ఇంటికి నడిచి, మిగతా సగం తీసుకుని, మళ్ళీ గట్టు మీదుగా వెళ్ళి ఆవిడ చేతిలో పెట్టింది. మొత్తం రోజు కూలి. ఆ తర్వాతి దాళ్వా నుంచి రైతు డబ్బు ఇచ్చిన పూట అక్కడే, చేను గట్టు మీదే అందరికీ పంచేయడం మొదలుపెట్టింది. మిగతా ముఠా మేస్త్రులకు ఇది నచ్చలేదు, మా ఇంటికొచ్చి అడిగారు కూడా. మామ్మ మార్చలేదు.

ఆ రోజు ప్రసంగంలో మిగతాదంతా ఏమిటని అడిగితే మామ్మ చెప్పలేకపోయేది. అందుకే అంటున్నాను, గుర్తుండటం లేదని మీరు అంత బాధపడక్కర్లేదు. మీ ప్రశ్నకు యాకోబే జవాబు రాశాడు. మొదటి అధ్యాయంలో అద్దంలో ముఖం చూసుకుని వెళ్ళగానే తను ఎలాంటివాడో మరచిపోయే మనిషి గురించి చెప్పి, వెంటనే "విని మరచువాడు కాక, క్రియను చేయువాడైయుండి తన క్రియలో ధన్యుడగును" అంటాడు. మరపుకి విరుగుడుగా ఆయన చెప్పింది చేయడం. చేసింది మరచిపోం.

ఇంటికొచ్చి ఆ అధ్యాయం పూర్తిగా చదవడం మాత్రం మానకండి. అపొస్తలుడు పౌలు చెప్పిందే అయినా బెరయ అనే ఊరివాళ్ళు అది అలాగే ఉందా లేదా అని ప్రతిరోజూ లేఖనాలు పరిశోధించారు, అందుకే వాళ్ళు ఘనులని అపొస్తలుల కార్యములు 17:11 అంటుంది. మనకేమో వచనం ముందూ వెనకా చూసే ఓపిక లేదు. కొత్త సంవత్సరం ఆరాధనలో ఒక వచనం రాసిన వాగ్దానం కార్డు తీస్తాం, మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవే, హానికరమైనవి కావు అని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 వస్తే స్టేటస్‌లో పెట్టేస్తాం. దాని పైన ఉన్న పదో వచనంలో బబులోనులో 70 సంవత్సరాలు గడవాలి అని ఉంది. ఏడో వచనంలో చెరపట్టి తీసుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయమని ఉంది. ఈ రెండూ ఎవరి కార్డు మీదా నేను చూడలేదు.

అర్థం కాకపోతే వెళ్ళి అడగండి. మత్తయి 13:36లో యేసు జనాన్ని పంపేసి ఇంట్లోకి వచ్చాక, గోధుమల మధ్య మొలిచిన గురుగుల (కలుపు) ఉపమానం భావం చెప్పమని శిష్యులు అడిగారు. ఆయన విసుక్కోలేదు, విడమరిచి చెప్పాడు. ఒకసారి ఉజ్జీవ సభల్లో బయటి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడిని మా స్నేహితుడు మర్యాదగానే ఒక సందేహం అడిగితే, "దైవసేవకుణ్ణి పరీక్షిస్తున్నావా" అని అందరి ముందూ కసిరారు. ఆ కుర్రాడు మళ్ళీ ఎవరినీ ఏదీ అడగలేదు. ఇలా కసిరేవాళ్ళు ఎంత నష్టం చేస్తున్నారో వాళ్ళకి తెలియదు.

ఇంకొకటి, నాకు చాలా బాధ కలిగించేది. ఆదివారం పొద్దున్న సంఘంలో ఒక ప్రసంగం, దారిలో ఫోన్‌లో ఒకటి, రాత్రి పడుకునే ముందు యూట్యూబ్‌లో ఇంకొకటి. యూరియా జల్లిన చేలో ఆ పూటే నీళ్ళు వదిలితే ఎరువంతా మురుగు బోదెలోకి పోతుంది, ఏ రైతూ ఆ పని చేయడు. వారానికి ఒక్క ప్రసంగం చాలు. మీ సంఘంలో విన్నదే చాలు, అయ్యగారు ఎంత సాదాగా చెప్పినా సరే. మీ ఇంటి సంగతి తెలిసిన మనిషి చెప్పింది మీకు తగిలినట్టు, ఎక్కడో స్టూడియోలో చెప్పింది తగలదు.

ఇదంతా క్రియల వల్ల రక్షణ అన్నట్టుంది అని మా సంఘంలోనే కొందరు నాతో వాదిస్తారు. కృపచేత విశ్వాసం ద్వారా రక్షింపబడ్డాం, క్రియల వల్ల కాదు అని ఎఫెసీ 2:8, 9 చూపిస్తారు. నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఆ తర్వాతి పదో వచనం కూడా చదవమంటాను, సత్క్రియలు చేయడానికే మనం క్రీస్తుయేసులో సృష్టించబడ్డామని అక్కడే ఉంది.

మీకు ఆదివారం సాయంత్రం రొయ్యల ఫ్యాక్టరీలో డ్యూటీ అని రాశారు కాబట్టి భోజనం దగ్గరే మొదలుపెట్టండి. అధ్యాయం ఇంట్లో ఎవరిచేతనైనా పైకి చదివించండి. అందులో మీకు తగిలిన మాట ఒక్కటే పట్టుకోండి. అది ఎవరి విషయంలోనో మీకు తెలిసే ఉంటుంది. షిఫ్ట్ బస్సు వచ్చేలోపు ఆ మనిషికి ఫోన్ చేయండి.