‘అట’ అంటే ఎగతాళేనా?

సందేహం: మా అపార్టుమెంటువాసి ఒకరు తమకు జ్వరంగా ఉందని, సమావేశానికి రాలేనని నాకు ఫోనులో చెప్పారు. నేను వాట్సాప్ గ్రూపులో ‘ఆయనకు జ్వరమట, రాలేరట’ అని రాసి, అలవాటుగా ఒక నవ్వుబొమ్మ పెట్టాను. ‘నేను అబద్ధమాడానంటారా?’ అని ఆయన కోపగించుకున్నారు. ‘అట’లో ఎగతాళి ఉందా? అసలు ‘అట’ సరైనదా, ‘అంట’ సరైనదా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: ముందు రూపం సంగతి చూద్దాం. పోతన భాగవతంలో ‘పలికెడిది భాగవతమఁట, పలికించెడి విభుండు రామభద్రుండఁట’ అన్నచోట ఈ మాట అరసున్నతో (ఁ) ఉంది. అరసున్న చాలాచోట్ల ఒకప్పటి నిండుసున్నకు మిగిలిన గుర్తు కాబట్టి, అది జారిపోయినచోట ‘అట’, నిండుగా పలికేచోట ‘అంట’ నిలిచాయనుకోవచ్చు. ‘వస్తడంట’ అనే తెలంగాణవారిదీ తప్పు కాదు, ‘వస్తాడుట’ అనే కోస్తా పెద్దవారిదీ తప్పు కాదు. అచ్చులో ‘అట’ ఎక్కువగా కనిపిస్తుంది, అంతే.

ఇక అర్థం. ఈ సంగతి నేను స్వయంగా చూసినది కాదు, విన్నది అని చెప్పడమే ‘అట’ చేసే పని. పై పద్యంలో పోతన రాముణ్ణి ఎగతాళి చెయ్యడం లేదు కదా. తనచేత పలికించేవాడు రాముడన్న మాటను అణకువతో, అబ్బురంతో చెప్పుకుంటున్నాడు. ‘ఒక రాజుకు ఏడుగురు కొడుకులట’ అని కథ మొదలుపెట్టే అమ్మమ్మకూ ఆ రాజు మీద అనుమానమేమీ ఉండదు.

అయితే విన్నమాట అనడంలో ‘దీనికి పూచీ నాది కాదు’ అన్న ధ్వని కూడా సహజంగా తోస్తుంది. అది ఎప్పుడు వెటకారమవుతుందో ఉత్తమపురుషలో, అంటే ‘నేను’ అని తన గురించి తాను చెప్పుకునేచోట, బాగా తెలుస్తుంది. ‘చిన్నప్పుడు నేను మట్టి తినేవాణ్ణట’ అన్నవారు ఆ మాటను నమ్ముతూనే అంటారు. గుర్తులేని సంగతి కనుక పెద్దలు చెప్పగా వినవలసిందే. ‘నేను పిసినారినట!’ అన్నవారు మాత్రం ఒప్పుకోవడం లేదు. తన గుణం తనకు తెలిసి ఉండగా దాన్ని పరుల మాటగా చెప్పడంలోనే నిరసన ఉంది. నేరుగా తెలిసినదానికి, లేదా అడిగి తెలుసుకోగలిగినదానికి ‘అట’ తగిలిస్తే వినేవారికి ఎత్తిపొడుపు అనిపించేది ఇందుకే.

మీ వాక్యానికి జరిగిందీ ఇదే. నలుగురు అరుగు మీద కూర్చుని, అక్కడ లేని మనిషి గురించి ‘ఆయనకు జ్వరమట’ అనుకుంటే తప్పుపట్టేవారుండరు. గ్రూపులో మాత్రం ఆయనా ఉన్నారు; తన జ్వరాన్ని తన ఎదుటే ఎవరో విన్నమాటగా చదువుకున్నారు. ఎదుట ఉన్నవారిని మనం ‘మీకు జ్వరమటగా?’ అని అడుగుతాం. ఆ ‘గా’ వారి నోటి నుంచే సంగతి వినగోరుతుంది కాబట్టి అది పరామర్శ అవుతుంది. మాటలో గొంతు కూడా సాయపడుతుంది: మామూలు ‘అట’ పొట్టిగా తేలిపోతుంది, వెటకారపు ‘అటా’ సాగుతుంది. రాతలో ఆ సాయం లేదు. పైగా మీరు రెండు ‘అట’లను పక్కపక్కన పెట్టారు, ‘పెద్ద పండితుడట, పద్యాలు కూడా రాస్తాడట’ అనే దెప్పిపొడుపు నడక అదే. మిగిలిన పని నవ్వుబొమ్మ పూర్తిచేసింది. ఆయన కోపం అకారణమని నేననను. అలాగని నేరం ‘అట’ మీద మోపనక్కరలేదు.

‘జ్వరంగా ఉందని, రాలేనని ఆయన ఫోనులో చెప్పారు’ అని రాసి ఉంటే మాట ఎవరిదో తేలిపోయేది, అనుమానానికి చోటుండేది కాదు. సరదా కబుర్లలో మాత్రం ‘అట’ను వదులుకోమనను. చెమటలు తుడుచుకుంటూ ‘ఎండలు తగ్గాయట!’ అని రాసే చమత్కారం ‘అట’ లేనిదే పండదు. అక్కడ దెబ్బ తగిలేది ఎండకే కానీ ఏ మనిషికీ కాదు.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవారికి ఇంకొక చిక్కుంది. అంట, అంత, అంతా అనే మూడింటినీ చాలామంది ఒకేలా రాస్తారు. ‘వాళ్ళు వస్తారంట’ అన్నది ‘వాళ్ళు వస్తారంతా’ అయిపోతే, విన్నమాట కాస్తా ఖాయమైన కబురవుతుంది; భోజనాల ఏర్పాట్లు చూసేవారికి ఈ తేడా చిన్నదేమీ కాదు.