‘నో’లో ఆ ‘కె’ ఎందుకుంది?

ప్రశ్న: మా పాప ఏడో తరగతి. ‘తెలుసు’ అనే అర్థంలో వాడే ‘నో’కి స్పెల్లింగ్ కె ఎన్ ఓ డబ్ల్యూ కదా, పలకనప్పుడు ఆ కె ఎందుకు అని స్కూల్లో అడిగితే ‘అది సైలెంట్, బట్టీ పట్టు’ అన్నారట. ఇంటికొచ్చి నన్ను పట్టుకుంది. నిజంగా కారణం ఏమైనా ఉందా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉందండీ, పాప అడిగింది చాలా సరైన ప్రశ్న. ఆ కె పుట్టుకతో సైలెంట్ కాదు, వందల ఏళ్ళపాటు ఇంగ్లీషువాళ్ళు దాన్ని శుభ్రంగా పలికారు. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో ఈ క్రియ ‘క్నావన్’. అప్పట్లో రాసింది కూడా కె తో కాదు, సి తో. 1066లో ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ని పట్టుకున్నాక రాతకోతలు ఫ్రెంచి అలవాటున్న లేఖకుల చేతికి వెళ్ళాయి, వాళ్ళకి సి అంటే కొన్నిచోట్ల ‘క’ కొన్నిచోట్ల ‘స’, ఆ గొడవ లేకుండా ‘క’ పలకాల్సిన చాలా చోట్ల కె రాయడం పెరిగింది, అలా మన ‘నో’కి కె వచ్చింది. చివర్లో డబ్ల్యూ కూడా ఊరికే తగిలించింది కాదు, ‘క్నావన్’లో ఆ ‘వ’ వినపడుతూనే ఉంది చూడండి.

నీ (మోకాలు), నైఫ్, నాట్ (ముడి), నైట్ (గుర్రం మీద యోధుడు), ఇవన్నీ కూడా ఒకప్పుడు ‘క్న’తోనే మొదలయ్యేవి. జర్మన్లు ఇప్పటికీ మోకాల్ని ‘క్నీ’ అనే అంటారు, క మింగరు. నైట్ సంగతి ఇంకా సరదా, పాత ఇంగ్లీషులో ఆ మాటకి అర్థం కుర్రాడు, పనికుర్రాడు. జర్మన్‌లో దాని చుట్టం ‘క్నెష్ట్’ అంటే ఇప్పటికీ పనివాడే, ఇంగ్లండ్‌లో మాత్రం అది రాజుగారిచ్చే బిరుదు అయి కూర్చుంది.

మరి పలుకు ఎప్పుడు పోయింది? విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు, అప్పటికి జనం ‘క్నో’ అనే అంటున్నారు కాబట్టి పుస్తకాల్లో అలాగే పడింది. 1600ల్లో మెల్లమెల్లగా నోట్లోంచి క జారిపోయింది, 1700 దాటేసరికి దాదాపు ఎవరూ అనట్లేదు. కానీ అప్పటికే అచ్చులో స్పెల్లింగ్ గట్టిపడిపోయింది, ఇంక ఎవరు మారుస్తారు. నన్నడిగితే మార్చకపోవడమే మంచిదైంది, లేకపోతే ‘తెలుసు’ అనే నో, ‘కాదు’ అనే నో రాతలో కూడా కలిసిపోయేవి.

ఇప్పుడు పాపకి అసలు సంగతి చెప్పండి. ఈ ‘క్నా’ మన ‘జ్ఞా’కి సొంత చుట్టం. సంస్కృతంలో జ్ఞా, లాటిన్‌లో గ్నో, పాత ఇంగ్లీషులో క్నా, అన్నీ ఒకే మూలం నుంచి విడిపోయినవి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని అక్కడ జడ్జిగా ఉన్న విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు, తర్వాత 1822లో యాకోబ్ గ్రిమ్ అనే జర్మన్ పండితుడు ఏ ధ్వని ఏ ధ్వనిగా మారిందో వరసపెట్టి చూపించాడు. ఆ వరసలో లాటిన్ ‘గ’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘క’ వస్తుంది, ఇలాంటి చాలా మాటల్లో సంస్కృతంలో ‘జ’ కనపడుతుంది. జాను అంటే మోకాలు, ఆజానుబాహుడు అంటాం కదా, ఆ జానువే లాటిన్‌లో ‘గెను’, ఇంగ్లీషులో కె తో రాసే ‘నీ’. జన, జాతి ఉన్న కుటుంబంలోదే ఇంగ్లీషు ‘కిన్’ (బంధువులు). పాపకి కాయితం మీద జాను, జ్ఞా, జన రాసి పక్కన ఇంగ్లీషు మాటలు పెట్టమనండి, మూడింటికీ మొదట కె పడుతుంది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. జ్ఞానం అని రాసి మనం నిజంగా పలికేదేంటి? చాలామంది ‘గ్నానం’ అంటాం, హిందీవాళ్ళు ‘గ్యాన్’, మరాఠీవాళ్ళు ‘ద్న్యాన్’. ఇంగ్లీషులో పేరు రాసేటప్పుడు మన ప్రజ్ఞ జి ఎన్ పెట్టుకుంటుంది, ఉత్తరాది ప్రజ్ఞ జి వై పెట్టుకుంటుంది. అంటే రాసేది ఒకటి పలికేది ఒకటి అని ఇంగ్లీషుని ఆడిపోసుకునే మనం కూడా తక్కువ తినలేదు! కాకపోతే మన పాతవాళ్ళు ఇంకో దారి కూడా తొక్కారు, నోటికి వచ్చినట్టే రాసేసి కొత్త మాట చేసేసుకున్నారు. విజ్ఞాపనం నుంచి విన్నపం, ఆజ్ఞ నుంచి ఆన, యజ్ఞం నుంచి జన్నం. వీటిలో యజ్ఞం ధాతువు వేరు, జ్ఞ అరిగిన తీరు చూడ్డానికే చెప్పాను.

అలాగని తెలుగు ‘తెలుసు’కి, ఇంగ్లీషు ‘నో’కి చుట్టరికం లేదు. జ్ఞానం మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నది, తెలియడం, ఎరగడం మన సొంతం. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళ కన్నడాల కుటుంబంలోది అని మద్రాసులో కలెక్టరుగా ఉన్న ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే ధాతువులు పక్కపక్కన పెట్టి చూపించాడు, క్యాంబెల్ అనే ఇంగ్లీషు అధికారి రాసిన తెలుగు వ్యాకరణానికి తను జోడించిన ముందుమాటలో.

ప్రశ్న: అయితే ‘కుడ్’లో ఎల్ కూడా ఒకప్పుడు పలికినదేనా? – ఒక డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: కాదు, అది దొంగ ఎల్. ‘కెన్’కి భూతకాలం పాత ఇంగ్లీషులో ‘కూథ’, అందులో ఎల్ లేనే లేదు. వుడ్, షుడ్‌లలో ఎల్‌కి హక్కుంది, విల్, షల్‌లోంచి వచ్చింది కాబట్టి. వాటి పక్కన తిరిగీ తిరిగీ 1500ల ప్రాంతానికి దీనికీ ఒక ఎల్ తగిలించేశారు. ‘కెన్’ కూడా ‘నో’ కుటుంబమే, మొదట్లో అర్థం ‘ఎలా చెయ్యాలో తెలుసు’ అని. ఈత తెలుసు అంటే ఈదగలను అనేగా మనం కూడా అనుకునేది.

ప్రశ్న: ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ నోయింగ్ జావా’ (జావా అంటే కంప్యూటర్ భాష) అన్నాను, ఎదుటివాళ్ళు నవ్వారు. తప్పేంటి? – ఒక ఉద్యోగార్థి, విశాఖపట్నం

జవాబు: నవ్వడం వాళ్ళ తప్పు, వాక్యం మాత్రం మార్చుకోండి. ‘నో’ పని కాదు, స్థితి. పరిగెడుతున్నాను, వండుతున్నాను అన్నట్టు దానికి ఇంగ్ పెట్టకూడదు. తెలుగులో చూడండి, ‘నాకు జావా తెలుసు’ అంటారేగానీ ‘తెలుస్తున్నాను’ అంటారా? ‘తెలుస్తోంది’ అంటాం, కానీ దానికి అర్థం ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది అని, అలాంటప్పుడు ‘ఐ యామ్ బిగినింగ్ టు అండర్‌స్టాండ్’ అనుకోండి. మీరు చెప్పాల్సింది ఉత్త ‘ఐ నో జావా’.

ఇంకోటి, ‘ఐ నో హిమ్ సిన్స్ టెన్ ఇయర్స్’ అని మనవాళ్ళు తెగ వాడతారు, అక్కడ ‘ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్’ రావాలి. పాత ఇంగ్లీషులో విషయం తెలియడానికి ‘విటన్’ అని వేరే క్రియ ఉండేది, మన విద్య, వేదం ఆ కుటుంబంలోవే. మనిషిని గుర్తుపట్టడం, ఎరగడం ‘క్నావన్’ వంతు. జర్మన్లు ఈ తేడా ఇప్పటికీ పాటిస్తారు, ఇంగ్లీషులో విటన్ మూలపడి రెండు పనులూ ‘నో’ నెత్తినే పడ్డాయి, అందుకే జావాకీ అదే, పదేళ్ళ స్నేహితుడికీ అదే.