టెక్ సందేహాలు: 128 నుంచి 256కి పది వేలా?

ప్రశ్న: రెండేళ్ల కిందట ఫోన్ కొనేటప్పుడు 256 జీబీ మోడల్‌కి పది వేలు ఎక్కువ చెప్పారు. అంత ఎందుకులే అని 128 తీసుకున్నాం. తర్వాత పాప పుట్టింది. ఇప్పుడు రోజూ ‘స్టోరేజ్ ఫుల్’ అని వస్తోంది. ఏ వీడియో తీసేయాలన్నా మనసొప్పక టెన్షన్. అసలు ఆ కాస్త మెమరీకి పది వేలు తీసుకోవడం న్యాయమేనా? ఈసారి ఏది కొనమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: న్యాయం కాదనే నా అభిప్రాయం అండీ. అందరికీ తెలిసిన ఫోన్‌తోనే లెక్క వేద్దాం. 2023లో ఐఫోన్ 15 మన దేశంలో విడుదలైనప్పుడు 128 జీబీ ధర రూ.79,900, 256 జీబీ రూ.89,900, 512 జీబీ రూ.1,09,900. మొదటి మెట్టుకి పది వేలు, రెండో మెట్టుకి ఇరవై వేలు. రెండు చోట్లా అదనంగా వచ్చే ఒక్కో జీబీకి రూ.78 పడుతోంది. కిలో చొప్పున కాకుండా బస్తా కొంటే బియ్యం ధరైనా తగ్గుతుంది. ఇక్కడ అదీ లేదు. అదే ఏడాది కంప్యూటర్‌లో పెట్టుకునే 1 టీబీ (అంటే వెయ్యి జీబీ) ఎస్‌ఎస్‌డీ స్టోరేజ్ ఐదారు వేలకు దొరికింది. అంటే జీబీకి ఐదారు రూపాయలు. ఫోన్‌లో వాడే చిప్ చిన్నగా ఉండాలి, బ్యాటరీ తక్కువ వాడాలి, కాబట్టి రెండూ ఒకటే అనను. కానీ ఆ తేడాతో ఆరు రూపాయలు డెబ్బై ఎనిమిది అయిపోవు.

దీనికి నిదర్శనం కంపెనీ ధరల్లోనే ఉంది. 2024లో వచ్చిన ఐఫోన్ 16కి కూడా ఇవే ధరలు పెట్టారు. 2025లో ఐఫోన్ 17కి వచ్చేసరికి 128 జీబీ మోడల్ తీసేసి, 256 జీబీనే రూ.82,900కి ఇచ్చారు. కొత్త ఫోన్, అదే 256 జీబీ, ఏడు వేలు తక్కువ. మెమరీ ఖర్చే పది వేలైతే ఇది ఎలా కుదిరింది? 512 జీబీకి మాత్రం మళ్లీ ఇరవై వేలు ఎక్కువే.

ప్రకటనలో కనబడేది అన్నిటికన్నా తక్కువ ధర. ‘ఇది చాలదేమో’ అన్న భయంతో మనం ఎక్కే పై మెట్టులో కంపెనీకి లాభం ఎక్కువ. అందుకని కింది మెట్టు కాస్త ఇరుకుగానే ఉంచుతారు. 2014లో ఐఫోన్ 6 కొన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది: 16 జీబీ తర్వాత నేరుగా 64, మధ్యలో 32 లేనే లేదు. మరుసటి ఏడాది 6ఎస్‌కి 4కే వీడియో (చాలా స్పష్టంగా ఉండి ఎక్కువ స్థలం తినేది) ఇచ్చి కూడా మొదటి మోడల్‌ని 16 జీబీలోనే ఉంచారు.

‘తక్కువ వాడేవాళ్లు తక్కువ, ఎక్కువ వాడేవాళ్లు ఎక్కువ కడతారు, తప్పేముంది?’ అనేవాళ్లున్నారు. అందులో కొంత నిజం ఉంది. కాల్స్, యూపీఐ, నాలుగు ఫొటోలతో సరిపెట్టుకునేవాళ్ల మీద పెద్ద మెమరీ ఖర్చు వేయక్కర్లేదు. కానీ ఈ వాదన నిలబడాలంటే తర్వాత స్థలం పెంచుకునే దారి ఉండాలి. శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్20లో మెమరీ కార్డు పెట్టుకునే వీలుండేది. 2021లో ఎస్21తో అది తీసేశారు. కార్డు స్లాట్ ఉంటే ఎవరి దగ్గర నచ్చితే వాళ్ల దగ్గర కొనుక్కుంటాం. అది లేనప్పుడు కొన్న రోజే ఐదేళ్ల అవసరం ఊహించి, వాళ్లు చెప్పిన రేటు కట్టాలి. కడుపులో ఉన్న పాపకి ఎన్ని వీడియోలు తీస్తారో షాపులో నిలబడి మీరెలా చెప్పగలరు? నాకు అన్యాయంగా అనిపించేది ఇదే.

మీ ఫోన్ సంగతికొస్తే, కంగారుపడి ఏదీ చెరిపేయకండి. స్థలం చాలక మా నాన్నగారి చివరి పుట్టినరోజు వీడియో నేనే తీసేశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ముందు వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘మేనేజ్ స్టోరేజ్’ తెరవండి. గ్రూపుల్లో వచ్చిన గుడ్ మార్నింగ్ వీడియోలు ఎన్ని జీబీలు తిన్నాయో అక్కడ కనబడుతుంది. తర్వాత టైప్-సి పెన్ డ్రైవ్ ఒకటి తీసుకుని పాప వీడియోలు అందులోకి కాపీ చేయండి. కంప్యూటర్‌లోనో క్లౌడ్‌లోనో (ఇంటర్నెట్‌లో దాచుకునే చోటు) రెండో కాపీ ఉన్నాకే ఫోన్‌లోంచి తీసేయండి. కెమెరా 4కేలో ఉంటే, స్పష్టత కాస్త తక్కువైన 1080పీకి మార్చండి. ఐఫోన్ లెక్క ప్రకారం మామూలు 4కే వీడియో నిమిషానికి సుమారు 170 ఎంబీ, అంటే గంటకి పది జీబీ. 1080పీ అయితే నిమిషానికి 60 ఎంబీయే.

కొత్త ఫోన్‌కి ముందు, ఏడాదికి మీ వాడకం ఎంత పెరుగుతోందో చూసి, ఎన్నేళ్లు వాడతారో దానితో హెచ్చించండి. పసిపాప ఉన్న ఇంట్లో 256 కన్నా తక్కువ వద్దనే అంటాను. కాకపోతే తేడా పది వేలు అంటే ఆగి ఆలోచించండి. గూగుల్ వాళ్ల క్లౌడ్ సేవ ‘గూగుల్ వన్’లో 100 జీబీ ఏడాదికి రూ.1,300, ఐదేళ్లకి రూ.6,500. డబ్బు కట్టినన్నాళ్లే ఉంటుందన్నది దాని లోపం.

ప్రశ్న: ఒకే ఫోన్‌లో 128 జీబీ మోడల్ స్లో, 256 ఫాస్ట్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: కొన్ని ఫోన్లలో నిజమే. గెలాక్సీ ఎస్23లో 128 జీబీకి యూఎఫ్‌ఎస్ 3.1 (ఫోన్ స్టోరేజ్ చిప్‌లో ఒక రకం), 256కి అంతకన్నా వేగమైన యూఎఫ్‌ఎస్ 4.0 వాడారు. 2023లో విడుదలైనప్పుడు అక్కడ తేడా రూ.5,000 కాబట్టి 256 తీసుకోవడమే మేలు. పెద్ద మోడల్ అయినంత మాత్రాన నమ్మేయకండి. 2024లో వన్‌ప్లస్ 12ఆర్ 256 జీబీకి యూఎఫ్‌ఎస్ 4.0 అని ప్రకటించి, అది 3.1 అని తర్వాత ఒప్పుకుని, కొన్నవాళ్లకి డబ్బు వాపసు ఇస్తామన్నారు.

ప్రశ్న: బాక్స్ మీద 128 జీబీ అని ఉంది. ఆన్ చేయగానే అంత ఖాళీ లేదేంటి?

జవాబు: ఆపరేటింగ్ సిస్టమ్, ముందే వేసిచ్చిన యాప్‌లు కొంత తీసుకుంటాయి. బైట్ నుంచి కేబీ, ఎంబీ, జీబీ దాకా ప్రతి మెట్టుకీ ఫోన్ కంపెనీ 1,000 చొప్పున లెక్కిస్తే, విండోస్ కంప్యూటర్ 1,024 చొప్పున లెక్కిస్తుంది కాబట్టి 128 జీబీని 119గా చూపిస్తుంది. అందులో మోసం లేదు. కానీ వాడుకోగలిగిన స్థలం ఎంతో బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో వేయాలి. అప్పటిదాకా షాపులో డెమో ఫోన్ సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్ ఎంత తీసుకుందో చూశాకే బిల్లు వేయించండి.