పత్తి చిగుళ్లు చీలిపోతున్నాయి: వైరస్ కాదు, పంపులో మిగిలిన కలుపు మందు

ప్రశ్న: పత్తి వేసి 50 రోజులైంది. వారం క్రితం పచ్చదోమకు మందు కొట్టాక కొత్త ఆకులు సన్నగా, బెండాకుల్లా చీలి వస్తున్నాయి. మొగ్గలు రాలుతున్నాయి. అంతకుముందు ఆ పంపుతోనే మొక్కజొన్నలో 2,4-డి అనే కలుపు మందు కొట్టాం. వైరసేమో అంటున్నారు. పూత నిలవడానికి ప్లానోఫిక్స్ కొట్టవచ్చా?

జవాబు: కొట్టకండి. మీరు చెప్పినవి 2,4-డి లక్షణాలే. ఈ మందు ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోనులా పనిచేస్తుంది. సొంత ఆక్సిన్ ఎక్కువైతే మొక్క దాన్ని విరిచేసుకోగలదు, 2,4-డిని అంత త్వరగా విరవలేదు. అది లేత చిగుళ్లకు చేరితే ఆకులో ఈనెలకు మధ్యనున్న భాగం విచ్చుకోదు, ఈనెలు దగ్గరపడి నిలువుగా సాగుతాయి. అప్పటికే విచ్చుకున్న ముదురాకులు మామూలుగానే ఉంటాయి. పత్తికి గొట్టంలో మిగిలిన కాస్త మందు చాలు.

ఆకుముడత వైరస్ అయితే ఆకు అడుగున ఈనెలు లావెక్కుతాయి, తెల్లదోమ ఉంటుంది. పంపు వల్లనైతే మొదటి ట్యాంకు కొట్టిన సాళ్లలో ఎక్కువగా, తర్వాతి సాళ్లలో తక్కువగా కనిపిస్తుంది. చూసుకోండి.

ఇక ప్లానోఫిక్స్. మామూలుగా తొడిమలో ఆక్సిన్ తగ్గి, రాల్చే హార్మోనైన ఇథిలీన్‌ది పైచేయి అయితే మొగ్గ రాలుతుంది. అప్పుడు 4.5 లీటర్ల నీటికి 1 మి.లీ. ప్లానోఫిక్స్ పనిచేస్తుంది. అదీ ఆక్సినే. మీ చేనులో ఆక్సిన్ ప్రభావం ఇప్పటికే మితిమీరింది, మితిమీరిన ఆక్సిన్ మొక్కచేత ఇథిలీన్‌ను ఇంకా ఎక్కువ పుట్టిస్తుంది. రాలేది పెరుగుతుందే తప్ప ఆగదు.

దీనికి విరుగుడు మందంటూ లేదు. వంకర తిరిగిన చిగుళ్లను తుంచేయండి. నేలలో పదునుండగా లీటరు నీటికి 20 గ్రా. యూరియా కలిపి, వారం పది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టండి, అదీ వేరే పంపుతో. పక్క కొమ్మలు వస్తాయి, కాపు ఆలస్యమవుతుంది. కాండం పగిలి, మొవ్వు చచ్చిన మొక్కల మీద ఆశ పెట్టుకోవద్దు.

పంపును ఉత్త నీళ్లతో కడిగితే చాలదు. నాజిల్, జల్లెడ విప్పి సబ్బు నీళ్లతో కడగండి. 10 లీటర్ల నీటికి 100 మి.లీ. ఇళ్లలో వాడే అమ్మోనియా ద్రావణం కలిపి, ట్యాంకులో, గొట్టంలో రాత్రంతా నిల్వ ఉంచి, మర్నాడు నాజిల్ గుండా బయటికి కొట్టి, మంచినీళ్లతో మూడుసార్లు కడగండి. అమ్మోనియాలో బ్లీచింగ్ కలపకూడదు, విషవాయువు వస్తుంది. ఈస్టర్ రకం 2,4-డి అయితే రబ్బరుకు పట్టేస్తుంది, గొట్టం, వాషర్లు మార్చడమే నయం. అసలు కలుపు మందులకు పంపు విడిగా ఉంచుకోవాలి.

అయినా అనుమానముంటే ఆ పంపుతో నాలుగు టమాటా మొక్కల మీద ఉత్త నీళ్లు కొట్టి చూడండి. రెండు మూడు రోజుల్లో ఆకు కాడలు కిందికి మెలిపడితే పంపు ఇంకా శుభ్రం కానట్టే.